ఖాళీ రాళ్లు, కబ్జాదారులు: ఒక ఉప్పునీటి అక్వేరియం డైరీ

జూలై, రెండో వారం

తొట్టె ఇంటికి చేరింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద బల్లలో సంప్, అంటే ఫిల్టర్లు ఉండే రెండో తొట్టె. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే మొత్తం తిరిగే నీళ్లు సుమారు 190 లీటర్లు. ఈ అంకెను గోడ మీద రాసి పెట్టాను. ముందు ముందు లెక్కలన్నీ దీని మీదే. తూర్పు కిటికీకి దూరంగా, హాల్లో లోపలి గోడకు ఆనించి పెట్టించాం. విశాఖలో పొద్దుటి ఎండ సముద్రం మీదుగా నేరుగా హాల్లోకి వస్తుంది. మనిషికి అది హాయి, నాచుకు పండగ.

రాళ్ల దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. విదేశీ వీడియోల్లో సముద్రం నుంచి తీసిన రాయిని, దాని మీది జీవాలతో సహా తెచ్చి వేస్తారు. మన దగ్గర ఆ పేరుతో అమ్మేది చాలా వరకు పగడపు అస్థిపంజరమే. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. అయినా అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉంటారు, కొనేవాళ్లు కొంటూనే ఉంటారు. నేను కాల్చిన మట్టితో చేసిన సిరామిక్ రాళ్లు తెచ్చాను. చూడటానికి బాగానే ఉన్నాయి, రంధ్రాలు కూడా బాగా ఉన్నాయి. ఒకటే చిక్కు: వాటి మీద ఏమీ లేదు.

ఈ చిక్కు చిన్నది కాదు. సముద్రంలో రాయి మీద గోరంత చోటు కూడా ఖాళీగా ఉండదు. బాక్టీరియా, గులాబీ రంగు సున్నపు నాచు, స్పంజికలు, పురుగులు, అన్నీ ఇరుక్కుని బతుకుతుంటాయి. నా రాళ్లు ఊరి చివర కంచె లేని ప్లాట్లు. యజమాని రాకముందే ఎవరో ఒకరు పాక వేసేస్తారు. కొత్త ఉప్పునీటి తొట్టెలో మొదటి ఆరునెలలు కనిపించే గోధుమ, ఎరుపు, పచ్చ పాచి అంతా ఈ కబ్జా వ్యవహారమే అని నా అభిప్రాయం. వచ్చినవాణ్ణల్లా సీసాలోని మందు పోసి చంపితే ప్లాటు మళ్లీ ఖాళీ అవుతుంది, ఇంకొకడు వస్తాడు. అసలు యజమానులు స్థిరపడేదాకా కాపలా కాయడమే పని. ఈ డైరీ ఆ కాపలా గురించి.

జూలై, చివరి వారం

నీళ్లు. "ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావా నాన్నా?" అని అమ్మ. నిజమే, అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు డబ్బా ధర చూస్తే ఆమె మాటలో న్యాయం ఉంది. ఒడ్డు నీళ్లు మాత్రం పనికిరావు. నగరపు కాలువలు కలిసేది అక్కడే. చేపల రేవులో తెలిసిన సరంగు ఒకాయన ఉన్నారు. ఒడ్డు కనుమరుగయ్యాక, నీళ్లు నీలంగా ఉన్నచోట ఇరవై లీటర్ల క్యాన్లు ముంచి తెచ్చిపెట్టారు. గుడ్డతో వడగట్టి, మూత పెట్టిన డ్రమ్ముల్లో చీకట్లో ఉంచాను. వెలుగు లేకపోతే నీటితో వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలా వరకు చచ్చి అడుగుకు చేరతాయి, పైనీళ్లు తోడుకోవచ్చు.

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీటి చుక్కతో సున్నాకు తెచ్చుకుంటే చాలదు. 35 (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) దగ్గర సరిగా చూపుతోందా లేదా అన్నది 35 ప్రమాణ ద్రావణంతోనే తేలుతుంది. నా నీళ్లు 33 చూపాయి. డ్రమ్ములో కొంచెం ఉప్పు కలిపి 34కి తెచ్చాను. చేపలకు ఇది చాలు.

వేడి గురించి ఒక ముక్క. నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొనలేదు. నీటి మీద ఫ్యాన్లు పెట్టాను. హైదరాబాదులో ఫ్యాను గాలి తొట్టెను బాగా చల్లబరుస్తుంది. ఇక్కడి ఉక్కపోతలో నీళ్లు ఆవిరయ్యేదే తక్కువ, కాబట్టి చల్లబడేదీ తక్కువే. 28 డిగ్రీలతో సరిపెట్టుకున్నాను. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, నాచు పెరుగుదల ఎక్కువ. ఈ రెండూ లెక్కలో పెట్టుకునే మొదలుపెడుతున్నాను.

ఆగస్టు, మొదటి సగం

చేపలు లేవు, లైటు లేదు. అమ్మోనియం క్లోరైడ్ కరిగించి అమ్మోనియా 2 పిపిఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అయ్యేదాకా పోశాను, సీసాలో వచ్చిన బాక్టీరియా కూడా వేశాను. అమ్మోనియా పడిపోయాక మళ్లీ అంతే పోశాను. చేపలు వచ్చాక వాటి మురుగు నుంచి అమ్మోనియా వస్తుంది, అది వాటికి విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ముందే స్థిరపడాలి. 1 పిపిఎం అమ్మోనియా చివరికి 3.6 పిపిఎం నైట్రేట్ అవుతుంది. పోసింది మొత్తం 4 పిపిఎం. అంటే 14కు దగ్గరగా నైట్రేట్ కనిపించాలి. పరీక్షలో రంగు 10కీ 20కీ మధ్య వచ్చింది. లెక్క కుదిరింది.

ఈ దశలో లైటు వేయడం శుద్ధ దండగ. బాక్టీరియాకు వెలుగు అక్కరలేదు. చీకట్లో పని పూర్తయితే నాచుకు తొలి అవకాశం కొన్ని వారాలు వెనక్కి పోతుంది, ఆలోగా బాక్టీరియా పొర రాయి మీద కొంచెమైనా పరుచుకుంటుంది. దుకాణంలో "లైటు వేసి ఉంచండి, అందంగా ఉంటుంది" అన్నారు. ఉత్త నీళ్లూ రాళ్లూ ఎవరికి అందం?

ఫాస్ఫేట్ సున్నా. ఇది నాకు నచ్చలేదు. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ అసలు లేకపోతే బాక్టీరియా కూడా నీరసిస్తుంది. రేవు నుంచి తెచ్చిన రొయ్య తోక ముక్క ఒకటి చిన్న వల సంచిలో వేలాడదీశాను. వారం తిరగకుండా ఫాస్ఫేట్ 0.04కు వచ్చింది. ముక్క తీసేశాను. హాల్లో రెండు రోజుల పాటు రేవు వాసన. అమ్మ ఏమీ అనలేదు, అగరుబత్తి వెలిగించింది.

ఆగస్టు, చివర

లైటు వేశాను, రోజుకు ఆరు గంటలు. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ. నాలుగైదు రోజులకే ఇసుక మీద గోధుమ రంగు పొడి. అద్దం మీద కూడా. వేలితో రాస్తే పోతుంది, సాయంత్రానికి చిక్కబడుతుంది, తెల్లారేసరికి కొంచెం పలచబడుతుంది.

ఇక్కడే ఒక నియమం పెట్టుకున్నాను: మైక్రోస్కోపు కింద చూడకుండా దేనికీ పేరు పెట్టకూడదు. గోధుమ రంగులో ఉన్నదల్లా డయాటమ్ అనే ఏకకణ నాచు కాదు. డైనోఫ్లాజెల్లేట్లు (డైనోలు) అనే ఇంకో రకం ఏకకణ జీవులూ ఇదే రంగులో మొదలవుతాయి. రెండింటికీ వైద్యం పూర్తిగా తిరగబడి ఉంటుంది. విద్యార్థులు వాడే పాత మైక్రోస్కోపు చవగ్గా దొరికింది. 400 రెట్లు చాలు. ఒక చుక్క పెట్టి చూస్తే పడవ ఆకారపు కణాలు, బంగారు గోధుమ రంగు, గాజు అంచులు, నెమ్మదిగా జారుతూ పోతున్నాయి. డయాటమ్‌లే. కాసేపు పని మానేసి చూస్తూ కూర్చున్నాను. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు అయిదో వంతు వీటిదే. నా తొట్టె మురికి చేయడం వాటికి చాలా చిన్న పని.

డయాటమ్ గూడు సిలికాతో కడుతుంది. కొత్త ఇసుక నుంచి కొంత సిలికేట్ వస్తుంది, సముద్రపు నీళ్లలో కొంత ఉంటుంది, కుళాయి నీళ్లలో ఇంకా ఎక్కువ. నీటిలోని సిలికేట్ అయిపోగానే వీటి బతుకు ముగుస్తుంది. కాబట్టి మందు లేదు. అద్దం తుడిచాను, ఇసుక వదిలేశాను. ఆవిరైన నీటికి బదులు పోసే నీళ్లలో సిలికేట్ రాకుండా చూడటమొక్కటే నేను చేయాల్సింది.

వంటింటి ఆర్వో యంత్రం నీళ్లు దీనికి పనికిరావు. రుచి కోసం అందులో కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు. మా యంత్రంలో టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, 45. ఆర్వో పొర (మెంబ్రేన్) దాటిన వెంటనే గొట్టం విడదీసి, మిగిలిన లవణాల్ని పట్టేసే రెజిన్ గుళికలు నింపిన గొట్టం గుండా పంపి సున్నాకు తెచ్చాను. ఇందులో ఒక కిటుకుంది. సిలిసిక్ ఆమ్లానికి మామూలు నీటిలో దాదాపు విద్యుదావేశం ఉండదు. అందుకే రెజిన్ పాతబడుతుంటే మొదట జారిపోయేది అదే, మీటరుకు కనిపించనిదీ అదే. మీటరు సున్నా చూపుతూనే ఉంటుంది, సిలికేట్ వస్తూనే ఉంటుంది. రెజిన్ రంగు సగం మారగానే మార్చేయాలి, మీటరు కదిలేదాకా ఆగకూడదు.

భీమవరం దగ్గర వనామి చెరువులున్న మా బావ ఫోన్లో ఫొటో చూసి ఒకటే నవ్వు. "ఈ గోధుమ రంగు నీళ్లు రావాలని మేం డబ్బు పోసి సిలికేట్ చల్లుతాం బావా, నువ్వు గుడ్డ పెట్టి తుడుస్తున్నావా?" రొయ్యల చెరువులో డయాటమ్ నీళ్లంటే మంచి మేత, మంచి ఆక్సిజన్, స్థిరమైన నీళ్లు. అక్కడి రైతుకు భయం నీలి ఆకుపచ్చ పాచి అంటేనే. "అది వచ్చినప్పుడు చెప్పు, అప్పుడు ఏడుద్దాం" అన్నాడు.

సెప్టెంబర్

డయాటమ్‌లు పలచబడ్డాయి. క్లౌన్ చేపల జత వచ్చింది, సముద్రం నుంచి పట్టినవి కాదు, హేచరీలో పుట్టినవే. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపల పెంపకాన్ని ఎప్పుడో సాధించింది, ఇక సముద్రంలోంచి పట్టాల్సిన పనేముంది?

బావ శాపమే తగిలింది. ఎడమ మూలన, పెద్ద రాయి వెనుక, ముదురు ఎరుపు పొర. జారుడుగా ఉంది, మీద చిన్న చిన్న బుడగలు, అంచు పట్టి లేపితే పొర పొరగా లేస్తోంది. మైక్రోస్కోపులో సన్నని పోగులు, గదులు గదులుగా. సయనోబాక్టీరియా. ఎర్రగా ఉన్నా ఇది బావ భయపడే నీలి ఆకుపచ్చ కుటుంబమే. ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం వల్ల ఆ ఎరుపు. అసలు నాచు కాదు, బాక్టీరియా. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టింది వీటి పూర్వీకులే. అంత వంశచరిత్ర ఉన్నదాన్ని నేను తరిమేస్తానన్న భ్రమ లేదు. ఆ మూల నుంచి పక్కకు జరిపితే చాలు.

అది అక్కడే ఎందుకు వచ్చిందో చూశాను. చేప మేత పొడి కొంచెం నీళ్లలో కలిపి డ్రాపరుతో వదిలితే, మిగతా చోట్ల గిర్రున తిరిగి వెళ్లిపోయింది, ఆ మూలకు రాగానే మెల్లగా కిందికి దిగింది. ప్రవాహం చచ్చిపోయే చోటు అది. చేపల రెట్ట, తినని మేత అక్కడే పేరుకుంటున్నాయి. నీటి ధార కొట్టే చిన్న పంపు, పవర్‌హెడ్‌ను కుడివైపు అద్దం మీదికి తిప్పి, ధార ఎదురుతిరిగి ఆ మూలను తాకేలా పెట్టాను. రాయిని రెండు అంగుళాలు ముందుకు జరిపాను. ఎర్ర పొరను సన్నని గొట్టంతో సంప్‌లోని ఫిల్టర్ సంచిలోకి లాగేశాను. నీళ్లు పోవు, పొర సంచిలో ఆగుతుంది, సంచి వెంటనే ఉతకాలి. అందులోనే వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లి తిన్నదంతా తిరిగి నీళ్లకే ఇచ్చేస్తుంది.

దీనికి ఎరిత్రోమైసిన్ వాడమని చెప్పేవాళ్లు చాలామంది. పనిచేస్తుంది కూడా. కానీ మూలనున్న ఎర్ర మరక కోసం మనుషుల యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి, ఆ నీళ్లను తర్వాత కాలువలోకి వదలడం నాకు సమ్మతం కాదు. పైగా ఒక్కసారిగా చచ్చిన పొర కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పడిపోతుంది. 28 డిగ్రీల నీళ్లలో అసలే ఆక్సిజన్ తక్కువ. ప్రవాహం మారలేదంటే నెల తిరిగేసరికి పొర మళ్లీ అక్కడే.

నెలాఖరుకు మూలలో ఎరుపు లేదు. ఇసుక మీద అరచేతంత మేర ఒకటి రెండు చోట్ల మిగిలింది, వాటినీ గొట్టంతో లాగుతున్నాను.

అక్టోబర్

నీళ్ల కోసం రేవుకు వెళ్తే సరంగు తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడొద్దు బాబూ, నీళ్లు చప్పబడ్డాయి." ఒక సీసా తెచ్చి కొలిస్తే 27. ఇక్కడ వాన పడకపోయినా ఇంతే. వర్షాకాలం చివర గంగ, బ్రహ్మపుత్ర, మహానది వదిలిన వరద నీళ్లు బంగాళాఖాతం పైపొరలో తేలుతూ, అక్టోబరు నుంచి తీరం వెంట దక్షిణానికి పారే ప్రవాహంతో మన ముందుకు వస్తాయి. నది నీళ్లంటే సిలికేట్ కూడా. ఇదే తీరంలో ఎండాకాలానికి ముందు లోతు నీళ్లు పైకి ఉబికి వస్తాయని 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ రాశారు. ఆ నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువ. కాబట్టి విశాఖలో సముద్రపు నీళ్లు ఉచితమే గాని, ఏ నెల నీళ్లన్నది చూసుకోవాలి. ఇకనుంచి ఉప్పు డబ్బానే. అమ్మకు లెక్క చెప్పాను. వినలేదు.

అసలు సంగతి ఇది కాదు. పచ్చ వెంట్రుక నాచు వచ్చింది.

మొదట రాయి పైభాగంలో పలచని పచ్చదనం. చూస్తుండగానే వేలెడు పొడుగు, ధారకు ఊగుతూ. భూతద్దంతో చూశాను. పోగుకు ఇరువైపులా ఈకలు ఈకలుగా కొమ్మలుంటే బ్రయాప్సిస్, అది మొండి ఘటం. నాది కొమ్మలు లేని సాదా పోగు, మైక్రోస్కోపులో అడ్డుగోడలు లేవు. డెర్బీసియా అనుకుంటున్నాను. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఫాస్ఫేట్ కొలిస్తే 0.06. నైట్రేట్ 5. ఇంత మంచి అంకెలతో ఇంత నాచు ఏమిటని ఎవరైనా అడుగుతారు. అంకె మంచిగా ఉన్నది నాచు వల్లనే. నీటిలో మిగిలినదాన్నే పరీక్ష చూపిస్తుంది. నాచు ఒంట్లోకి పోయింది దానికి కనిపించదు. లోపలికి ఎంత వస్తోందో లెక్క వేయాలి.

బంగారం తూచే చిన్న కాటా మీద మేత తూచాను. రోజుకు 0.3 గ్రాములు, వారానికి 2 గ్రాములు. డబ్బా మీద ఫాస్ఫరస్ 1 శాతం అని ఉంది. 2 గ్రాముల్లో 20 మిల్లీగ్రాములు. ఫాస్ఫరస్‌ను ఫాస్ఫేట్‌గా మార్చి చెప్పాలంటే మూడుతో గుణించాలి, 60 మిల్లీగ్రాములు. 190 లీటర్లకు పంచితే వారానికి 0.3 పిపిఎం. రెండు వేలెడు చేపలకు వేసే చిటికెడు మేత సంగతి ఇది. నురగతో మురికిని లాగే యంత్రం, స్కిమ్మర్, కొంత లాగుతుంది, చేపల ఒంటికి కొంత పడుతుంది, మిగతాది రాళ్ల మీద పచ్చగా ఊగుతోంది.

ఇప్పుడు బయటికి పోయే లెక్క. వారానికి పదో వంతు నీళ్లు, అంటే 19 లీటర్లు మారిస్తే 0.06 చొప్పున పోయేది 1.1 మిల్లీగ్రాములు. వచ్చేది 60, పోయేది 1.1. "నీళ్లు మార్చండి, నాచు పోతుంది" అనే సలహా విన్నప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలు గుర్తొస్తాయి. నీళ్లు మార్చడానికి వేరే మంచి కారణాలున్నాయి, ఇది మాత్రం కాదు.

చేత్తో పీకితే? గుప్పెడు నాచు పిండి తూచాను, 100 గ్రాములు. ఎండితే పది గ్రాములు మిగులుతుందనుకుందాం, అందులో వెయ్యో వంతు ఫాస్ఫరస్ అనుకుందాం. 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. అంచనా సగానికి సగం తప్పినా, ఒక్క గుప్పెడు పీకడం పదికి పైగా నీటి మార్పిడులతో సమానం. కష్టపడి నీటిలోంచి విషయాన్ని ఏరి, గుత్తిగా కట్టి, నా చేతికిచ్చే జీవి అది. పీకి బకెట్లో వేయడమే మిగిలింది.

కాబట్టి ఈ నెల పని: ఆదివారం పొద్దున చేయి తొట్టెలో. ముందు పంపులు ఆపాలి, లేకపోతే తెగిన పోగులు తొట్టె అంతా తిరిగి కొత్త చోట అంటుకుంటాయి. ఒక చేత్తో పీకుతూ, రెండో చేత్తో గొట్టం పక్కనే పట్టుకుంటాను. మొదలు దగ్గర పట్టు వదలని చోట గట్టి టూత్‌బ్రష్. బయటికి తీయగలిగిన చిన్న రాయిని పూర్తిగా తీసి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్రష్‌తో పూసి, కొన్ని నిమిషాలాగి, ఉప్పునీటిలో కడిగి తిరిగి పెట్టాను. రెండు మూడు రోజుల్లో ఆ రాయి మీది నాచు తెల్లబడి రాలిపోయింది. తొట్టెలో నేరుగా పోయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. రాయిలోని బాక్టీరియాను కదిలించడం ఈ దశలో వద్దు.

మేత తగ్గించలేదు. చేపలు ఎదిగే వయసులో ఉన్నాయి. వాటి కడుపు మాడ్చి నాచును మాడ్చాలనుకోవడం న్యాయం కాదు, తెలివీ కాదు.

నవంబర్

నత్తలు కావాలి. విదేశీ సలహాల్లో మొదటి పేరు ట్రోకస్, రెండోది టర్బో. మన చట్టం జాబితాలో ట్రోకస్ నైలోటికస్, టర్బో మార్మొరేటస్ ఉన్నాయని తెలుసుకున్నాక దుకాణంవాడు ఏ జాతో చెప్పలేని నత్తను కొనకూడదనుకున్నాను. మన రాతి తీరాల్లో నెరీటా నత్తలు కావలసినన్ని. ఆటు సమయంలో రాళ్ల పగుళ్లలో గుంపులుగా ఉంటాయి. గుప్పెడు తెచ్చాను, సన్యాసి పీతలు నాలుగైదు. ఒడ్డు నీళ్లు ఇంకా చప్పగానే ఉన్నాయి కాబట్టి, సాయంత్రం దాకా చుక్క చుక్కగా తొట్టె నీళ్లు కలిపి అలవాటు చేశాను. ఉప్పదనం ఒక్కసారిగా మారితే నత్త ముడుచుకుని మళ్లీ తెరుచుకోదు.

నెరీటాల స్వభావం ఒకటి చెప్పాలి. అవి ఆటుపోట్ల మధ్య బతికేవి, నీళ్ల బయట తిరగడం వాటికి అలవాటు. మర్నాడు పొద్దున అమ్మ కేక. స్విచ్‌బోర్డు పక్కన గోడ మీద ఒకటి. "పాచి తినడానికి తెచ్చావా, గోడ సున్నం తినడానికి తెచ్చావా?" తొట్టె మీద దోమతెర బిగించాను.

పని మాత్రం అద్భుతం. పొడుగు వెంట్రుకల జోలికి అవి పోవు. పీకి పొట్టిగా చేసిన చోట గీకి గీకి రాయి రంగు బయటపెడతాయి. నత్తలు తెచ్చినా నాచు తగ్గలేదని వాపోయేవాళ్లు చాలావరకు ఈ వరుస తిరగేసినవాళ్లే. ముందు చేయి, తర్వాత నత్త.

ఈ నెల సగం రోజులు నా తొట్టె కంటే హైదరాబాదు మిత్రుడి తొట్టె గురించే ఆలోచించాను. ఆయనది 300 లీటర్లు, నాకంటే నెల ముందు మొదలైంది. వెంట్రుక నాచు రాగానే ఫాస్ఫేట్‌ను పీల్చే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు నిండుగా వేశారు. ఫాస్ఫేట్ సున్నా, నైట్రేట్ సున్నా. నాచు మాయమైంది. పది రోజుల తర్వాత రాళ్ల నిండా గోధుమ రంగు చీమిడి, తీగలు తీగలుగా సాగి, కొసన బుడగలు. రాత్రి తగ్గుతుంది, మధ్యాహ్నానికి రెట్టింపు. నత్తలు వెల్లకిలా పడుతున్నాయి. "డయాటమ్‌లు తిరిగి వచ్చాయి" అన్నారు.

మైక్రోస్కోపు వీడియో పంపమన్నాను. కన్నీటి బొట్టు ఆకారపు కణాలు, ఒక కొసను పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్, డైనోఫ్లాజెల్లేట్లలో ఒకటి. నత్తల చావుకు దీని విషమే కారణమై ఉండాలి. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఇది విరివిగా పెరిగినప్పుడు, తుంపరల గాలి పీల్చిన సుమారు 200 మంది వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. చేతి తొడుగులు, మాస్కు లేకుండా తొట్టెలో చేయి పెట్టవద్దని, రాళ్లను వేడినీళ్లతో కడగవద్దని మొదట చెప్పాను.

తర్వాత వైద్యం. ఇక్కడ నా కబ్జా సిద్ధాంతం ఆయనకు వినక తప్పలేదు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయితే నాచూ బాక్టీరియా రెండూ బలహీనపడతాయి. ఖాళీ అయిన చోటుకు, ఆకలికి తట్టుకునే, అవసరమైతే ఇతర జీవుల్ని మింగి బతికే డైనోలు వస్తాయి. కాబట్టి నీళ్లకు ఎరువు వేయాలి. గుళికలు తీసేయించాను. పొటాషియం నైట్రేట్ అంటే మన రైతులు డ్రిప్పులో వదిలే 13-0-45. తొట్టెకు మాత్రం ప్రయోగశాల శ్రేణిదే వాడాలి. అందులో నైట్రేట్ 61 శాతం. 300 లీటర్లలో 5 పిపిఎం పెరగాలంటే 2.5 గ్రాములు. ఫాస్ఫేట్ కోసం మోనో పొటాషియం ఫాస్ఫేట్, 0.05 పెరగడానికి 21 మిల్లీగ్రాములు. అంత సన్నగా తూచలేం కాబట్టి 2.1 గ్రాములు లీటరు నీటిలో కరిగించి, అందులో పది మిల్లీలీటర్లు. సున్నా చూపినప్పుడల్లా మళ్లీ.

ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట రాయిని వదిలి నీళ్లలోకి లేస్తుంది. అందుకే దీనికి యూవీ దీపం బాగా పనిచేస్తుంది. తొట్టె నీళ్లే నేరుగా తీసుకునేలా పెట్టించాం. ఇసుకలోనే పడుకునే ఇంకో డైనో, ఆంఫిడినియం అయి ఉంటే యూవీకి చిక్కేది కాదు. దానికి సిలికేట్ పోసి డయాటమ్‌లను పోటీకి దింపుతారు, మా బావ చెరువులో చేసే పనే. నెలాఖరుకు హైదరాబాదు తొట్టెలో తీగలు పోయాయి, రాళ్ల మీద పలచగా పచ్చదనం వచ్చింది. అది చూసి సంతోషించిన మొదటి అక్వేరియం యజమాని ఆయనే అయి ఉంటారు.

డిసెంబర్

నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.07, ఉప్పదనం 34. చలికాలం పుణ్యమా అని నీళ్లు 26. పీకిన నాచు ఈ వారం గుప్పెడు కూడా లేదు. తక్కువ పీకాను కాబట్టి ఫాస్ఫేట్ ఎక్కడ పెరుగుతుందోనని చూస్తున్నాను. సంప్‌లో చిన్న దీపం కింద కీటోమార్ఫా నాచు ముద్ద వేశాను. పై లైటు ఆరాక అది వెలుగుతుంది. తొట్టెలో పెరగాల్సింది ఇక అక్కడ పెరుగుతుంది, పీకడం కూడా తేలిక.

ఒక నెరీటా చిప్ప మీద ఉన్న గులాబీ రంగు సున్నపు పొర పవర్‌హెడ్ పక్కన అద్దానికి చుక్కలుగా అంటుకుంది. ఆ చుక్కల మీదికి బ్లేడు పోనివ్వడం లేదు. ఈ పొర పట్టిన రాయి మీద వెంట్రుక నాచుకు పట్టు దొరకడం కష్టం. ఎదగడానికి దీనికి కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల కొలత) కావాలి. మొదటిది 420 పిపిఎం, రెండోది 8 డీకేహెచ్ దగ్గర నిలపాలి.

ఇంకో అతిథి కూడా వచ్చింది. ఒక రాయి కింద బఠాణీ అంత పచ్చని బుడగ, నున్నగా మెరుస్తూ. వలోనియా. అంత బుడగా ఒకే కణం. పగిలితే లోపలి బీజాలు తొట్టె అంతా చల్లుకుంటాయని కొందరు, అదంతా భయమేనని కొందరు. తగవు తీర్చే ఓపిక నాకు లేదు, రాయి చేతికి అందుతోంది. ఆదివారం ఆ రాయిని బకెట్లోకి తీసి, సన్నని స్క్రూడ్రైవరుతో మొదలంటా లేపేసి, ఆ బకెట్ నీళ్లు పారబోసి, రాయిని తిరిగి పెడతాను. ఆ తర్వాతే లైటు ఆరున్నర గంటలకు పెంచేది.